దారం లేని నేల

నేల మీద తిన్నని గీత కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గీతలు పెట్టి పొట్ట పోసుకునేవాణ్నీ నేనే. టైల్స్ మేస్త్రీని. బడి మధ్యలో వదిలేసి తాపీ పట్టుకున్న దగ్గర్నుంచి నేను చేసిందల్లా ఒకటే పని. దారం కట్టడం, దాని పక్కన టైలు పెట్టడం, రబ్బరు సుత్తితో తట్టడం, మోకాళ్ల మీద వెనక్కి జరగడం. లోకంలో అందరూ ముందుకు నడుస్తారు. మేం వెనక్కి పాకుతాం. గది పూర్తయ్యేసరికి గుమ్మం బయట తేలతాం. ఆరేదాకా ఎవరూ తొక్కకూడదు. ఆరాక అది మాది కాదు.

నాతో పాటు వెనక్కి పాకే ఇంకో జీవి మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు. పనివాళ్లందరూ వాణ్ని 'దారం' అంటారు. జేబులో దారపుండ లేనిదే వాడు టీ తాగడానికి కూడా బయటికి రాడు. రెండు వస్తువులు పక్కపక్కన కనిపిస్తే చాలు, వాడి చెయ్యి ఊరుకోదు, వరసలో పెట్టాలి. చెప్పులైనా అంతే, గ్లాసులైనా అంతే. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికి వచ్చిన బంధువుల్ని కూడా మంచం చుట్టూ ఎత్తు ప్రకారం నిలబెట్టిన ఘనుడు.

ఆ రోజు మేం ఒక ఫ్లాటులో పని చేస్తున్నాం. ఓనరు చొక్కా జేబులో స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగే మనిషి. మాలో మేం ఆయన్ని స్కేలు సార్ అనుకునేవాళ్లం. హాలు అయిపోయింది, పడగ్గది సగంలో ఉంది. ఆయన గుమ్మం దగ్గర బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, గీత వెంబడి గురి చూశాడు.

"మేస్త్రీ, హాల్లో గీత పడగ్గదిలో గీతతో కలవట్లేదు."

"మధ్యలో తలుపు వస్తుంది సార్. కనపడదు."

"తలుపు తీస్తాం కదా?"

"తీస్తారు."

"తీసినప్పుడు కనపడుతుంది కదా?"

"పడుకుని చూస్తే కనపడుతుంది సార్. మీ ఇంటికొచ్చేవాళ్లు పడుకుని వస్తారా?"

మా బావమరిది నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఆగు బావా" అని తనూ ఆయన పక్కన పడుకున్నాడు. ఇద్దరూ గుమ్మంలో బల్లుల్లా. కాసేపటికి వాడు లేచి, చొక్కా దులుపుకుని, తీర్పు చెప్పాడు.

"సార్ అన్నది నిజమే బావా. వెంట్రుకంత తేడా ఉంది."

"ఎవరి వెంట్రుక? నీదా, ఆయనదా?"

స్కేలు సార్‌ది నున్నటి బట్టతల. ఆయన తల తడుముకున్నాడు. బావమరిది నాలుక కరుచుకున్నాడు. వరస మొత్తం పీకాం.

పొద్దున వేసిన టైలుని సాయంత్రం పీకడమంటే ఎలా ఉంటుందో వేరేవాళ్లకి చెప్పినా అర్థం కాదు. వండినవాడి ముందే కంచం తీసి చెత్తబుట్టలో బోర్లించినట్టు ఉంటుంది. పీకేటప్పుడు ఒకటి మధ్యకి విరిగింది. బూడిద రంగుది, మీద పాలు ఒలికినట్టు తెల్లటి చార. "పడేయండి" అన్నాడు స్కేలు సార్. నేను పడెయ్యలేదు. సంచిలో పెట్టుకున్నాను. ఎప్పుడూ అంతే.

ఆ సంచుల సంగతి చెప్పాలి. నేను పనిచేసిన ప్రతి చోటా విరిగినవి, మిగిలినవి, ఓనర్లు కాదన్నవి ఇంటికి మోసుకొచ్చేవాణ్ని. ఈత కొలనుకి వేసిన నీలం. మూతపడ్డ సినిమా హాలు మెట్ల మీది ముదురు ఎరుపు. ఒక కొత్త కోడలు "ఈ రంగు చూస్తే వాంతొస్తోంది" అంటే అత్తగారు ఏడ్చుకుంటూ తీయించేసిన గులాబీ రంగు. ఆసుపత్రి గోడల తెలుపు, బ్యాంకు మేనేజరు గది నలుపు. ఇవన్నీ మా ఇంటి వెనక వసారాలో గోడ పొడుగునా గోతాల్లో ఉండేవి.

ఆ వసారాలోనే నా నేల వెయ్యాలని నాకు ఒక కోరిక. నా నేల అంటే, ఒక్క తిన్నని గీత కూడా లేని నేల. ముక్క పక్కన ముక్క, ఏది చేతికొస్తే అది, ఎటు తిరిగితే అటు. దారం కట్టకుండా, స్కేలు పెట్టకుండా, ఎవడూ బోర్లా పడుకుని చూడకుండా. ఇల్లు కట్టినప్పటి గరుకు సిమెంటే ఇప్పటికీ అక్కడుంది. పంపు అక్కడే, గిన్నెలూ బట్టలూ అక్కడే, స్నానం అక్కడే, సాయంత్రం కూర్చునేదీ అక్కడే. మా ఆవిడ సగం బతుకు ఆ వసారాలోనే గడిచింది. ఆ గరుకుకి దాని మడమలు పగిలిపోయాయి.

"లోకం మొత్తానికీ అద్దాల్లాంటి నేలలు వేశావు," అనేది. "నా కాళ్లకింద మాత్రం గరగర. నేనేమన్నా గేదెనా?"

మరి ఇన్నేళ్లూ ఎందుకు వెయ్యలేదంటారా? వేశాను, ఒకసారి. ఒక ఆదివారం బుద్ధి పుట్టి ఒక మూల మొదలుపెట్టాను. రెండు చేతుల వెడల్పు వేశానో లేదో, అర్జంటు పని అంటూ ఎవరో వచ్చి లాక్కుపోయారు. ఆ మూల అలాగే వీపు మీద కురుపులా లేచి ఉండిపోయింది. మా ఆవిడ వెళ్తూ వస్తూ దానికి తన్నుకుని నన్ను తిట్టేది. అప్పుడు రంగంలోకి దిగాడు మా బావమరిది.

"నీకు ప్లాను లేదు బావా. అందుకే ఆగిపోయింది. ముందు రంగుల వారీగా వేరు చేద్దాం."

సరే అన్నాను. అదే నా ఖర్మ. ఆదివారం ఆదివారం కూర్చుని ముక్కలన్నీ ఖాళీ పెయింటు డబ్బాల్లో రంగుల వారీగా సర్దాం. అది అయ్యాక సైజుల వారీగా అన్నాడు. అది అయ్యాక సుద్దతో నేల మీద బొమ్మ గీశాడు. అది మా ఆవిడ నీళ్లు పోస్తే పోయింది, మళ్లీ గీశాడు. తర్వాత "నీలం చాలదు బావా, ఇంకో ఈత కొలను దొరికేదాకా ఆగుదాం" అన్నాడు. ఆగాం. నీలం దొరికాక ఎరుపు తగ్గిందన్నాడు. ఆ డబ్బాల వరస చూసి చుట్టుపక్కలవాళ్లు మేం పెయింటు షాపు పెట్టామనుకున్నారు. ప్లాను దినదినం పెరిగి పెద్దదయింది. నేల మాత్రం గరగరలాడుతూ అలాగే ఉంది. నా జుట్టు తెల్లబడింది.

స్కేలు సార్ ఇంటి నుంచి ఆ సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ వసారాలో గిన్నెలు తోముతోంది. బావమరిది నా వెనకే వచ్చి, నా సంచిలోంచి ఆ విరిగిన బూడిద రంగు టైలు తీసి, డబ్బాల వరస ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇది తెలుపులో వెయ్యాలా, నలుపులో వెయ్యాలా బావా? బూడిదకి వేరే డబ్బా పెడదామా?"

నాలో ఏదో తెగిపోయింది. లేచి మొదటి డబ్బాని కాలితో తన్నాను. నీలం వసారా అంతా పరుచుకుంది. రెండోది తన్నాను. ఎరుపు. తర్వాత ఇక లెక్కలేదు. ఇన్నేళ్ల ఆదివారాలు గలగలమని దొర్లిపోతుంటే ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"అక్కా! బావకి పిచ్చెక్కింది!"

మా ఆవిడ గిన్నె పట్టుకుని లేచి నిలబడింది. ముక్క ఒకటి దొర్లుతూ వచ్చి దాని పాదం దగ్గర ఆగింది. దాన్ని చూసింది, నన్ను చూసింది.

"పిచ్చెక్కితే ఎక్కింది," అంది. "పనన్నా అవుతుందా?"

"ఇప్పుడే అవుతుంది," అన్నాను. "సిమెంటు బస్తా ఎక్కడుంది?"

"ఇప్పుడా?" బావమరిది దిమ్మెరపోయి చూశాడు. "కొలతల్లేకుండా? కనీసం దారమన్నా..."

జేబులోంచి దారపుండ సగం బయటికి వచ్చింది. దాన్ని వాడి చేతిలోంచి లాగి గోడ అవతలికి విసిరాను.

"ఈ వసారాలోకి దారం తెచ్చావంటే నీ మెడకే కడతా."

"విసరడం తేలికే. రేపు పనికి ఏం కడతావ్?"

"రేపు పనికి పోను."

"స్కేలు సారో?"

"పడుకునే ఉంటాడు గుమ్మంలో. వెళ్లి పక్కన పడుకో."

"లెవెలన్నా చూసుకో బావా. నీళ్ల గొట్టం తెచ్చి పెడతా."

"లెవెలు నా చేతిలో ఉందిరా. నువ్వు చెడ్డీలేసుకుని తిరిగేటప్పటి నుంచీ ఈ చేతిలో ఉంది. నాకు నేర్పడానికొచ్చావా? పో!"

వాడి ముఖం చిన్నబోయింది. అక్క వైపు చూశాడు. అక్క మళ్లీ గిన్నెల ముందు కూర్చుంది. వాడు చెప్పులేసుకుని, అంత కోపంలోనూ నా చెప్పులు తిన్నగా సర్ది, వెళ్లిపోయాడు. దాంతో నాకు ఇంకా మండింది.

పాత కురుపుని సుత్తితో రాలగొట్టి, సిమెంటూ ఇసుకా మసాలా కలిపి, వంటింటి గుమ్మానికి ఎదురు మూల నుంచి మొదలుపెట్టాను. చీకటి పడితే ఆపి, తెల్లారగానే మళ్లీ కూర్చున్నాను. ఫోను మోగితే కట్టేశాను.

ఆ పని ఎలా సాగిందో చెప్తే నమ్మరు. చెయ్యి గుట్టలోకి వెళ్లేది, ముక్క తనంతట తనే వచ్చేది. ఈత కొలను పక్కన సినిమా హాలు. దాని పక్కన ఆసుపత్రి. కొత్త కోడలు వద్దన్న గులాబీ రంగు బ్యాంకు నలుపు మధ్యలో పడి, మెరిసి, నన్నే ఎగతాళి చేసింది. ఒకటి సరిపోకపోతే సుత్తితో ఒక్కటిచ్చేవాణ్ని, సరిపోయేది. కోపంతోనే వేశాను. ప్రతి ముక్కనీ ఎవడో ఒకడి పేరు తలుచుకుని నొక్కాను. ఆయనెవరో చెప్పక్కర్లేదు, ఆయన బట్టతల మీద చాలా ముక్కలు నొక్కాను. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి నేను ఈల వేస్తున్నానట. మా ఆవిడ చెప్పింది. నాకు తెలీదు.

టీ ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ తూము మూల అంత మసాలా పట్టేస్తోందేంటయ్యా?"

"పల్లం ఉంది అక్కడ. నింపాలిగా."

"ఓహో," అంది. మేస్త్రీని నేను. తనేమంటుంది?

నాకు అప్పుడు తట్టలేదు. ఇల్లు కట్టినవాడు ఎవడో గాని, నీళ్లు పోవడానికి వసారా నేలని తూము వైపుకి వాలుగా పోశాడు. నేను ఆ వాలు మీద కూర్చుని పని చేస్తున్నాను. నా కళ్లు రంగులు చూస్తున్నాయి, నోరు ఈల వేస్తోంది. చెయ్యి మాత్రం చెయ్యి పని తను చేసుకుపోతోంది. ఎక్కడ పల్లం తగిలితే అక్కడ ఇంకో తాపీ మసాలా. నన్నెవడూ అడగలేదు, నేనూ దాన్ని అడగలేదు.

వెయ్యడం అయిపోయింది. సందుల్లో తెల్ల సిమెంటు పూసి, గుడ్డతో తుడిచాను. ఆరడానికి వదిలేశాను. ఆ ఆరినన్నాళ్లూ మా ఆవిడ గిన్నెలు ముందు వాకిట్లో పంపు దగ్గర తోముకుంది. వచ్చేపోయేవాళ్లు అడిగితే, "మా ఆయన నాకు నేల వేస్తున్నాడు" అని చెప్పడం వినపడింది. ఆ గొంతు నేను విని చాలా కాలమయింది.

ఆరిన రోజు పొద్దున్నే వసారా తలుపు తీశాం. ఎండ పడి ముక్కలన్నీ ఒక్కసారి మెరిశాయి. ఎక్కడా గీత లేదు. నేను చూసుకుంటూ నిలబడ్డాను. మొట్టమొదటిసారి నేను వేసిన నేల మీద నేను చెప్పుల్లేకుండా నిలబడ్డాను. మా ఆవిడ పాదం పెట్టి, అటూ ఇటూ రాసి చూసుకుంది.

"నున్నగా ఉంది," అంది. "జారదు కదా?"

"జారదు."

కొంగు బిగించి, గిన్నెలు తెచ్చి, పంపు తిప్పింది. తోమింది. కడిగింది. నీళ్లు పల్చగా పరుచుకున్నాయి. గులాబీ మీదికి, నీలం మీదికి, ఎరుపు మీదికి. పరుచుకుని, ఆగాయి.

"ఏమయ్యా, నీళ్లు పోవట్లేదే."

"తూముకి ఏదో అడ్డం పడుంటుంది."

పుల్ల పెట్టి పొడిచాను. ఏమీ లేదు. తూము అంచున ఉన్న నీళ్లు మాత్రం చుక్కచుక్కగా లోపలికి పడుతున్నాయి. మిగతావి కదలవు. బకెట్టు నింపి గుమ్మరించాను. నీళ్లు సర్రున తూము దాకా వెళ్లి, కొంచెం అందులో పడి, మిగతావి గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చి, వసారా అంతా సమంగా సర్దుకుని, నిద్రపోయాయి. సబ్బు నురగ ఒకటి మధ్యలో తేలుతోంది. అది తూము వైపూ పోదు, గుమ్మం వైపూ రాదు. దాని వంక ఎంతసేపు చూశానో.

అర్థమయింది.

దారం వద్దని విసిరేశాను. లెవెలు గొట్టం ముట్టుకోలేదు. నా ఇష్టం, నా చేతికి ఏది తోస్తే అది అనుకున్నాను. ఇన్నేళ్లు పరాయి ఇళ్లల్లో హాళ్లూ పడగ్గదులూ వేసి వేసి, ఆ చేతికి తోచేది ఒకటే ఒకటి. చదును. నేను ఈల వేసుకుంటున్నంతసేపూ అది స్కేలు సార్ పని చేసింది. నా ఇంట్లో, నా నేల మీద.

సుత్తి తీసుకున్నాను. రబ్బరుది కాదు.

"ఏం చేస్తున్నావ్?"

"లే. పగలగొడతా."

"నేను గిన్నెలు తోముతున్నా."

"లెమ్మన్నానా!"

"లేవను." ఆ నీళ్లల్లోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చీర తడిసిపోతోంది. "ఇన్నేళ్లకి ఒక నేల వేశావు. దాన్ని వేసినవాడివి కాబట్టి పగలగొడతావా? దీని మీద కూర్చునేదాన్ని నేను. ముందు నన్నడుగు."

"నీళ్లు పోవే పిచ్చిదానా! ఇది నేల కాదు, పళ్లెం!"

"అయితే పళ్లెంలో తోముకుంటా. నీకేం?"

ఎంత అరిచినా లేవలేదు. పైగా కూర్చున్నచోటి నుంచే ఫోను తీసి తమ్ముడికి కొట్టింది. "రారా. మీ బావ సుత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఆ గొట్టం కూడా తీసుకురా."

వాడు వచ్చాడు. నాతో మాట్లాడలేదు. ప్యాంటు మడిచి, నీళ్లు నింపిన గొట్టం ఒక కొస అక్కకిచ్చి మూలలో పట్టుకోమని, రెండో కొస పట్టుకుని మిగతా మూలలన్నీ తిరిగాడు. మధ్యలో చూశాడు. గుమ్మం దగ్గర చూశాడు. మళ్లీ మొదటి మూలకి వచ్చాడు. గొట్టంలో నీళ్లు ఎక్కడా తేడా చూపించలేదు. అక్కడితో వాడి బిగింపు అయిపోయింది. గోడకి ఆనుకుని, కడుపు పట్టుకుని, నీళ్లల్లో కూలబడి నవ్వాడు.

"బావా... దారం కట్టినా నాకు ఇలా రాదు బావా. వెంట్రుకంత తేడా లేదు! స్కేలు సార్‌ని పిలుద్దామా? వచ్చి పడుకుని చూస్తాడు!"

చేతిలో తడిగుడ్డ ఉంది. తీసి వాడి మొహాన కొట్టాను. వాడు దాంతోనే కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. మా ఆవిడ తల పక్కకి తిప్పుకుంది. దాని భుజాలు కదులుతున్నాయి. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రాదు.

నవ్వు అయ్యాక వాడు అసలు మాటకొచ్చాడు. "మొత్తం పీకాలి బావా. పీకి, వాలు ఇచ్చి, ఈసారి ప్లాను ప్రకారం..."

"పీకితే ముక్కలు పిండైపోతాయిరా. మళ్లీ ఎక్కడ తెస్తావ్? సినిమా హాలు మళ్లీ కడతారా నీ కోసం?"

"మరి నువ్వే కదా సుత్తి పట్టుకున్నావ్!"

"నేను పగలగొడితే వేరు. నువ్వు ప్లాను వేసి పగలగొడితే వేరు."

"ఇద్దరూ నోరు మూసుకోండి," అంది మా ఆవిడ. లేచింది. చీర పిండుకుంది. "ఎవరూ ఏదీ పీకద్దు. నీళ్లకి దారి చేసివ్వండి. దాంట్లో పడేదాకా చీపురుతో నేను తోసుకుంటా."

"దారి ఎటు నుంచి?" అన్నాడు దారం. "పంపు నుంచి తూముకి తిన్నగా కొడితే..."

"తిన్నగా కొడితే నేను కూర్చునే చోటు మధ్య నుంచి పోతుంది. నా కిందే కాలవ పెడతావా?"

వంటింట్లోకి వెళ్లి బొగ్గుముక్క తెచ్చింది. పంపు దగ్గర మొదలుపెట్టి, తను కూర్చునే చోటు పక్క నుంచి, బట్టలుతికే బండ చుట్టూ తిప్పి, గుమ్మం ముందు ఒంపు తీసి, స్నానం చేసే మూల తాకించి, తూములో కలిపింది. ఒక్కసారి కూడా ఆగలేదు. రోజూ నడిచే దారే గనక ఆలోచించే పనిలేదు దానికి. మేమిద్దరం ఆ గీత వంక చూశాం. పాము దాహానికి పోయినట్టుంది.

"దీనికి దారం ఎలా కడతారక్కా?" అన్నాడు వాడు నీరసంగా.

కటింగు మిషన్ తెచ్చి ఆ బొగ్గు గీత మీద పెట్టాను. నా ముక్కల్ని నేనే కోశాను. ఈత కొలను నీలం, అన్నిటికంటే పెద్దది, గుమ్మం ముందు ఉంది. గీత దాని నడుం మీదుగా పోతోంది. "కొంచెం పక్కకి జరపవే" అన్నాను మా ఆవిడతో, జీవితంలో మొదటిసారి బతిమాలుతూ. "జరిపితే గుమ్మంలో జారిపడతాను" అంది. కోశాను. దుమ్ము కళ్లల్లో పడి నీళ్లొచ్చాయి. దుమ్మే. ఎవరేమనుకున్నా నాకేం.

కాలవ అడుగు తవ్వాక, తాపీ పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ఆగిపోయింది. దాన్ని నమ్మడానికి లేదిక. వదిలితే మళ్లీ చదును చేసి కూర్చుంటుంది, నాకు తెలియకుండానే. పళ్లు పటపట కొరికాను.

"ఒరే," అన్నాను. "దారం ఉందా?"

"నువ్వు విసిరేశావుగా."

"ఇంకోటి ఉంటుంది నీ జేబులో. నాకు తెలీదా? తీయ్."

తీశాడు. నవ్వలేదు, బతికిపోయాడు. కాలవలో మేకులు దిగేశాడు, ఒంపు తిరిగిన ప్రతిచోటా ఒకటి. మేకు నుంచి మేకుకి పొట్టి పొట్టి దారాలు, ఒకదాని కంటే ఒకటి కొంచెం కిందికి. వంకర దారం నేను జన్మలో చూడలేదు, వాడూ కట్టలేదు. నాలుక బయటపెట్టి, బడిపిల్లాడిలా కట్టాడు.

"ఇంకొంచెం దించు."

"దించితే చివర్లో తూము పైకి ఉంటుంది బావా."

"మరైతే పంపు దగ్గర లేపు."

"లేపితే అక్క బకెట్టు పట్టదు."

"నీ అక్క బకెట్టు నా నెత్తి మీద పెట్టుకుంటా, ముందు కట్టరా!"

అలా అరుచుకుంటూనే వేశాం. కాలవ అడుగు దారం చెప్పినట్టు పోయింది. పైన ముక్కలు మాత్రం నా ఇష్టం. కోసిన నీలాన్ని మళ్లీ చిన్న ముక్కలు చేసి కాలవలో పరిచాను. ఒకసారి వాడు రెండు నీలం ముక్కల్ని వరసలో పెట్టబోయాడు. నేను చూశాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

గుమ్మం ముందు పెద్ద ఒంపు దగ్గర మేకు దిగలేదు, కింద రాయి తగిలింది. ఒక దారం అక్కడికి వచ్చి ఆగింది, రెండోది అవతల మొదలైంది. మధ్యలో జానెడు చోటు. "గొట్టం పెట్టి చూస్తానుండు" అని వాడు లేచేలోగా నాకు ఓపిక పోయింది. ఆ జానెడూ చేత్తో వేసేశాను.

కాలవ ఆరాక మా ఆవిడే పంపు తిప్పింది. నీళ్లు కాలవలో దిగాయి. బండ చుట్టూ తిరిగాయి, నీలం మీద గబగబా పాకాయి, మూల తాకి తూములో దూకాయి. చదును మీద మిగిలినవాటిని చీపురుతో సర్రున తోసింది, అవీ పోయాయి. ఆ చీపురు చప్పుడు రోజూ పొద్దున్నే వినపడుతుంది నాకు. వాలు ఉన్న నేలకి ఆ చప్పుడు అక్కర్లేదు. విన్నప్పుడల్లా పక్కమీదే పళ్లు కొరుకుతాను.

గుమ్మం ముందు, ఆ జానెడు చోట మాత్రం చారెడు నీళ్లు ఆగుతాయి. కాలవలో నీళ్లన్నీ పోయాక కూడా అక్కడ చిన్న మడుగు ఉండిపోతుంది. ఆదివారం మా బావమరిది వచ్చి దాన్ని చూశాడు. గొంతుక్కూర్చుని, వేలు ముంచి, లోతు చూశాడు.

"బావా, ఇక్కడొక్కచోటే నీ లెవెలు తప్పింది. రెండు ముక్కలు లేపి, కింద కొంచెం మసాలా వేస్తే అయిపోతుంది. దారం కూడా తెచ్చా."

జేబులోంచి ఉండ తీశాడు.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా," అన్నాను.

"తప్పు పడింది కదా బావా, సరిచేద్దామంటే..."

"ఈ వసారా మొత్తం మీద నేను వేసింది అదొక్కటేరా. మిగతాదంతా నువ్వూ, ఆ స్కేలు సారూ వేశారు. పెట్టు జేబులో."

వాడికి ఏమర్థమైందో నాకు తెలీదు. ఉండని జేబులో పెట్టుకున్నాడు. మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి, ఆ మడుగు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్ని దాటుకుని అవతల నీళ్లు తోసుకుపోయింది.